‘ప్లంబింగ్’ పదం: వ్యుత్పత్తి, అర్థపరిణామం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంటిలోకి నీటిని తెచ్చి, వాడిన నీటిని బయటికి పంపే గొట్టాల ఏర్పాటును నేడు తెలుగువారు ‘ప్లంబింగ్’ అంటున్నారు. సీసానికి లాటిన్ పేరైన ‘ప్లంబమ్’ నుంచి ఈ పదం పుట్టిందనే వివరణ ప్రసిద్ధం. ఆ వివరణ సత్యమే గాని అసంపూర్ణం. లోహం పేరు పనివాడి పేరుగా, పనివాడి పేరు పని పేరుగా, పని పేరు వ్యవస్థ పేరుగా మారిన క్రమాన్ని అది చెప్పదు. ఆ క్రమాన్ని గుర్తించడం, కేవల ధ్వనిసామ్యంతో చేసే వ్యుత్పత్తులలోని లోపాన్ని చూపడం, తెలుగులో ఈ పదం పొందిన ధ్వనిరూపానికి కారణాన్ని వివరించడం, పారిభాషిక పదకల్పనకు దీనినుంచి గ్రహించదగిన అంశాలను నిర్ధారించడం ప్రస్తుత వ్యాస లక్ష్యాలు.

కీలకపదాలు: ప్లంబింగ్, ప్లంబమ్, సీసం, వ్యుత్పత్తి, అర్థవ్యాకోచం, ఆదానపదాలు, పారిభాషిక పదాలు.

1. ప్రవేశిక

ఒక పదం ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని అర్థం తెలిసినట్లేనన్న నమ్మకం పండితులలోనూ పామరులలోనూ బలంగా ఉంది. ‘వ్యుత్పత్త్యర్థం’, ‘రూఢ్యర్థం’ అని మన శాస్త్రకారులు స్పష్టమైన భేదం చేసి చూపినా, ఆచరణలో మొదటిదానికే ఎక్కువ గౌరవం దక్కుతోంది. ‘పంకజం’ అంటే బురదలో పుట్టినదని చెప్పినంత మాత్రాన తామరపువ్వు బోధపడదు. బురదలో పుట్టే ప్రతిదీ పంకజం కాదు. యోగరూఢికి ప్రతి తరగతిగదిలోనూ చెప్పే ఈ ఉదాహరణ అన్యదేశ్యాల దగ్గరికి వచ్చేసరికి మరుగున పడుతుంది. పరభాషాపదం కనబడగానే దాని మూలధాతువును చూపి, అదే దాని అర్థమని తృప్తిపడటం పరిపాటి అయింది.

‘ప్లంబింగ్’ ఈ ధోరణికి చక్కని ఉదాహరణ. ‘ప్లంబమ్ అంటే సీసం, కనుక ప్లంబింగ్ అంటే సీసపు పని’ అన్న వివరణ పునరుక్తమవుతూ వస్తోంది. నేడు హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక ఇంటికి ప్లంబింగ్ చేసే వ్యక్తి చేతిలో సీసపు గొట్టం ఉండదు. ఇనుపగొట్టాలు, వాటి తరువాత పి.వి.సి., సి.పి.వి.సి. గొట్టాలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. వస్తువు పోయింది, పేరు నిలిచింది. పేరు ఎందుకు నిలిచింది, నిలవడానికి ఏ అర్థాన్ని వదులుకుంది అన్నవి ఇక్కడ విచారించవలసిన ప్రశ్నలు.

2. లోహం పేరు

‘ప్లంబమ్’ లాటిన్ నామవాచకం. 19వ శతాబ్ది ఆరంభంలో బెర్జీలియస్ మూలకాలకు లాటిన్ పేర్లలోని అక్షరాలను సంకేతాలుగా ఏర్పరచినప్పుడు సీసానికి ‘పి.బి.’ అనే సంకేతం ఈ పేరునుంచే వచ్చింది. అయితే లాటిన్ భాషకు ఈ పదం ఎక్కడిదన్న ప్రశ్నకు తేలికైన సమాధానం లేదు. సీసానికి గ్రీకుభాషలో ‘మోలిబ్డోస్’ అనే పేరుంది. లీనియర్ బి లిపిలోని ఫలకాలలో దాని ప్రాచీనరూపం ‘మొ-రి-వొ-దొ’ అని కనిపిస్తుంది. ఈ గ్రీకు, లాటిన్ పదాలు రెండూ ఇండో-యూరోపియన్ ధాతువులకు చక్కగా ఒదగవు. మధ్యధరా ప్రాంతంలో అంతకుముందే వాడుకలో ఉన్న మరొక భాషనుంచి వచ్చి ఉంటాయని భాషాశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అంటే ‘మూలం’గా చెప్పబడుతున్న లాటిన్ పదం కూడా ఆదానపదమే కావచ్చు. వ్యుత్పత్తి అన్వేషణలో ఒక మెట్టు దగ్గర ఆగి దానినే పునాది అనుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది.

రెండవ అంశం ఇంకా ముఖ్యమైనది. రోమనుల వాడుకలో ‘ప్లంబమ్’ నేటి రసాయనశాస్త్రంలోని సీసానికి మాత్రమే పరిమితం కాదు. క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన ప్లినీ తన ప్రకృతిచరిత్ర గ్రంథంలో నల్ల ప్లంబమ్, తెల్ల ప్లంబమ్ అని రెండింటిని పేర్కొన్నాడు. మొదటిది సీసం, రెండవది తగరం. భారతీయ రసశాస్త్రంలో సీసానికి ‘నాగం’ అనీ తగరానికి ‘వంగం’ అనీ వేర్వేరు పేర్లున్నాయి. రోమనులు ఒకే పేరుకు రంగును విశేషణంగా చేర్చి భేదాన్ని చూపారు. కనుక ‘ప్లంబమ్ అంటే సీసం’ అన్న సమీకరణం కూడా కాలపరిమితి గలదే. మెత్తగా ఉండి, తేలికగా కరిగే లోహజాతికి అది పేరుగా ఉండి, క్రమంగా ఒక్క లోహానికి స్థిరపడింది.

సీసపు గుణాలే దాని పేరును నీటితో ముడిపెట్టాయి. సుమారు 327 డిగ్రీల సెల్సియస్ వద్దనే అది కరుగుతుంది. రేకుగా సాగుతుంది, చేతిబలంతో వంగుతుంది, ఇనుములా తుప్పుపట్టి రాలిపోదు. రేకును కడ్డీ చుట్టూ చుట్టి అంచులను అతికితే గొట్టం సిద్ధమవుతుంది. యంత్రసాయం లేని కాలంలో పొడవైన లోహపు గొట్టం చేయడానికి ఇంతకంటే అనువైన పదార్థం దొరకలేదు.

3. రోములో రెండు వృత్తులు, రెండు పేర్లు

రోమునగరపు నీటిసరఫరా ప్రస్తావన లేకుండా ఈ పదచరిత్రను ఎవరూ చెప్పరు. అయితే అక్కడి పదజాలాన్ని నిశితంగా పరిశీలిస్తే ప్రచారంలో ఉన్న వివరణకు భిన్నమైన చిత్రం కనిపిస్తుంది. లాటిన్‌లో సీసపు నీటిగొట్టానికి పేరు ‘ఫిస్టులా’. ఈ పదానికి ప్లంబమ్‌తో సంబంధం లేదు. అది రెల్లుగొట్టానికీ, గొల్లవాడు ఊదే వేణువుకూ, గొట్టంలా ఏర్పడే పుండుకూ కూడా పేరు. అంటే రోమనులు గొట్టానికి ఆకారాన్ని బట్టి పేరు పెట్టారు, లోహాన్ని బట్టి కాదు. లోహం పేరు పనివాడికి దక్కింది. సీసంతో పనిచేసేవాడు ‘ప్లంబారియస్’. నీటి నిర్వహణ చూసే ఉద్యోగి ‘అక్వారియస్’. జ్యోతిషంలో కుంభరాశికి పాశ్చాత్యులు వాడే పేరు కూడా ఇదే.

నేటి ప్లంబరు చేసే పనిలో అధికభాగం నీటికి సంబంధించినది. అర్థం దృష్ట్యా అతడు అక్వారియస్‌కు వారసుడు, పేరు దృష్ట్యా ప్లంబారియస్‌కు వారసుడు. లోహకారుడి పేరు నీటిపనివాడికి సంక్రమించడమే ఈ పదచరిత్రలోని ప్రధాన ఘట్టం. ‘ప్లంబమ్ అంటే సీసం’ అన్న ఒక్క వాక్యం ఈ ఘట్టాన్ని పూర్తిగా దాచివేస్తుంది.

క్రీ.పూ. 1వ శతాబ్దికి చెందిన విట్రూవియస్ తన వాస్తుగ్రంథంలోని ఎనిమిదవ భాగంలో నీటిని గురించి చర్చిస్తూ, సీసపు గొట్టాలకంటే మట్టిగొట్టాల నీరు ఆరోగ్యకరమని స్పష్టం చేశాడు. సీసపు పనివారి శరీరం పాలిపోయి ఉండటాన్ని అందుకు నిదర్శనంగా చూపాడు. ప్లంబారియస్ దేహమే ప్లంబమ్ స్వభావానికి సాక్ష్యమయింది. ఆ లోహంలోని దోషం రోమనులకు తెలియదనే అభిప్రాయం ఈ ఒక్క ఆధారంతో నిలవదు.

4. ‘ఐదు’ ఎక్కడిది? – ఒక ప్రాచీన వ్యుత్పత్తి వివాదం

పదవ్యుత్పత్తి పండితుల వినోదమని భావించేవారికి రోములోనే గట్టి సమాధానం ఉంది. క్రీ.శ. 97లో నెర్వా చక్రవర్తి ఫ్రాంటినస్‌ను రోము నీటిసరఫరా అధిపతిగా నియమించాడు. ఆయన ఆ వ్యవస్థను పరిశీలించి రాసిన గ్రంథంలో ‘క్వినారియా’ అనే కొలత గురించి చర్చ ఉంది. నీటివాటాలను లెక్కించడానికి ప్రమాణమైన గొట్టం పేరది. అందులో ‘ఐదు’ అనే అర్థం ఉన్నదన్నది నిర్వివాదం. ఏవి ఐదు అన్నదే వివాదం.

అగ్రిప్ప కాలంలో ఐదు చిన్న గొట్టాలను కలిపి ఒకటిగా చేయడంవల్ల ఆ పేరు వచ్చిందని ఒక పక్షం. చుట్టడానికి ముందు సీసపు రేకు వెడల్పు ఐదు అంగుళిమానాలు ఉండటంవల్ల వచ్చిందని విట్రూవియస్, సీసపు పనివారు. గొట్టపు వ్యాసం అంగుళిమానంలో ఐదు పావులు కావడంవల్ల వచ్చిందని ఫ్రాంటినస్ నిర్ణయం. రేకును చుట్టినప్పుడు లోపలి, బయటి అంచుల కొలతలు మారతాయి కనుక రేకు వెడల్పు నమ్మదగిన ప్రమాణం కాదని ఆయన అభ్యంతరం. వ్యాసమైతే గొట్టం తయారయ్యాక కూడా కొలవవచ్చు.

ఈ చర్చలో వ్యుత్పత్తి నేరుగా కొలతగా మారింది. పేరుకు ఏ అర్థం చెబితే ఆ అర్థాన్ని బట్టి గొట్టం పరిమాణం, దానిని బట్టి నీటివాటా నిర్ణయమవుతాయి. గొట్టాల పరిమాణాలను మార్చి నీటిని దొంగిలించిన ఉదంతాలను ఫ్రాంటినస్ తన గ్రంథంలోనే నమోదు చేశాడు. ఆయన పద్ధతి నేటి పరిశోధకులకూ గ్రాహ్యం. పేరుకు వచ్చిన వివరణలన్నింటినీ ముందుంచి, వస్తువును కొలిచి, వాడుకకు సరిపోయేదాన్ని ఆయన స్వీకరించాడు. పాతదైనంత మాత్రాన ఏ వివరణనూ అంగీకరించలేదు.

5. లోహంనుంచి వ్యవస్థకు

ప్లంబారియస్ ప్రాచీన ఫ్రెంచి భాషలో ‘ప్లొమియె’ అయింది. అక్కడినుంచి మధ్యకాలపు ఇంగ్లీషులోకి ‘ప్లమర్’ అనే ఉచ్చారణతో ప్రవేశించింది. ఇంగ్లీషువారి ‘ప్లమర్’ అనే ఇంటిపేరుకు ఈ వృత్తి ఒక ఆధారం. ఆనాటి ప్లమర్ ప్రధానంగా గొట్టాల పనివాడు కాదు. చర్చిల పైకప్పులకు సీసపు రేకులు పరచడం, చూరునీటి కాలువలు పోతపోయడం, తూనికరాళ్లు తయారుచేయడం, నీటితొట్లు చేయడం అతడి పనులు. లండనులోని ప్లంబర్ల వృత్తిసంఘానికి 1365లో నియమావళి, 1611లో రాజపత్రం లభించాయి. సీసపు పనిలో నాణ్యతను కాపాడటం ఆ సంఘం బాధ్యతలలో ఒకటి. అంటే ఈ దశలో కూడా పదానికి కేంద్రం లోహమే.

19వ శతాబ్దిలో నగరాలలో ఇంటింటికీ నీటిగొట్టాలు, మురుగుగొట్టాలు వచ్చాయి. ప్లంబరు పనిలో పైకప్పు వెనుకబడి, గొట్టం ముందుకు వచ్చింది. పని మారిపోయినా చేసే మనిషి ఆ వృత్తిపరంపరకు చెందినవాడే కనుక పేరు అతడితోపాటు కొనసాగింది. పోత ఇనుము, రాగి, ప్లాస్టిక్ ఒకదాని తరువాత ఒకటి వచ్చినప్పుడు పేరును మార్చవలసిన అవసరం కలగలేదు. అప్పటికే అది లోహాన్ని వదిలి పనిని పట్టుకుంది. ఆ తరువాత ‘ప్లంబింగ్’ అనే క్రియానామం పనికే కాక, పని ఫలితంగా గోడలలో మిగిలిన గొట్టాల సముదాయానికీ పేరయింది. తెలుగులోనూ ‘ప్లంబింగ్ పూర్తయింది’ అన్నప్పుడు అది పని, ‘ప్లంబింగ్ పాడయింది’ అన్నప్పుడు అది వ్యవస్థ.

ఈ పరిణామాన్ని నాలుగు దశలుగా సూత్రీకరించవచ్చు: పదార్థం, పదార్థంతో పనిచేసే వ్యక్తి, ఆ వ్యక్తి చేసే పని, ఆ పనివల్ల ఏర్పడే వ్యవస్థ. అర్థపరిణామశాస్త్రం దృష్ట్యా ప్రతి దశా సామీప్యసంబంధంవల్ల కలిగిన మార్పే. ఒకదానికి పొరుగున ఉన్నదానికి ఆ పేరు సంక్రమించింది. పోలికపై ఆధారపడిన లక్ష్యార్థాలు చివరి దశ తరువాతనే వచ్చాయి. 1971లో అమెరికా అధ్యక్షభవనంలో రహస్యాలు బయటికి పొక్కకుండా ఆపడానికి ఏర్పడిన బృందానికి ‘ప్లంబర్లు’ అన్న పేరు ‘లీకు’ అనే రూపకానికి కొనసాగింపు. తత్త్వశాస్త్రాన్ని ఇంటి అడుగున దాగిన గొట్టాలతో పోల్చి మేరీ మిడ్జ్‌లీ 1992లో వ్యాసం రాశారు. విధానాల అమలులోని సూక్ష్మాంశాలను పట్టించుకునే ఆర్థికవేత్తను ఎస్తేర్ డఫ్లో 2017లో ప్లంబరుతో పోల్చారు. ఈ వాడుకలలో సీసం ఛాయ కూడా లేదు. కంటికి కనబడకుండా పనిచేస్తూ, చెడినప్పుడు మాత్రమే గుర్తుకు వచ్చే వ్యవస్థ అన్న భావమే వీటికి ఆధారం.

6. దారానికి కట్టిన గుండు

ప్లంబమ్‌నుంచి వెలువడిన రెండవ పదశాఖకు నీటిగొట్టంతో సంబంధం లేదు. గోడ నిటారుగా లేచిందో లేదో చూడటానికి తాపీమేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు. బరువైన సీసం ఆ గుండుకు తగిన లోహం. ఫ్రెంచిలో ‘సీసం ప్రకారం’ అనే పదబంధం ‘నిటారుగా’ అనే అర్థాన్ని పొందింది. అది ‘అప్లాంబ్’గా ఏకపదమై, చెదరని నిబ్బరం అనే అర్థంతో ఇంగ్లీషులోకి వెళ్లింది. నీటిలోకి గుండు జారవిడిచి లోతు కొలవడం, నీటిలోకి దూకడం అనే అర్థాలు గల ఇంగ్లీషు క్రియలకు కూడా మూలం ఇదే లోహం. ఇంగ్లీషులో ‘ప్లంబింగ్’ అనే క్రియానామం నిలువు చూడటం, లోతు కొలవడం అనే అర్థాలలోనూ వాడబడింది. రూపం ఒకటే, దారులు రెండు.

ఈ కుటుంబంలోని ఒక సభ్యుడు తెలుగువారి పెరటిలోనూ ఉన్నాడు. ఆయుర్వేదంలో ప్రసిద్ధమైన చిత్రమూలానికి వృక్షశాస్త్రనామం ‘ప్లంబాగో జైలానికా’. ‘ప్లంబాగో’లో ఉన్నది ప్లంబమే. ఇదే పేరు గ్రాఫైటుకు కూడా ఉండేది. నల్లని గీత గీసే ఆ ఖనిజాన్ని సీసపు జాతిగా భ్రమించారు. గ్రాఫైటు కర్బనరూపమని 1779లో షీలే నిరూపించిన తరువాత కూడా ‘లెడ్ పెన్సిల్’ అనే మాట మారలేదు. పెన్సిల్‌లో సీసం లేదు. శాస్త్రం సరిదిద్దిన పొరపాటు భాషలో అలాగే ఉండిపోయింది.

7. ‘ప్రలంబం’తో పోలిక – ధ్వనిసామ్యపు వల

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. సంస్కృతంలో ‘లంబ్’ ధాతువుకు వేలాడటం అని అర్థం. ‘లంబం’ తెలుగు గణితపుస్తకాలలో నిలువురేఖకు స్థిరపడిన పేరు. ‘ప్రలంబం’ అంటే కిందికి వేలాడేది. ఇంగ్లీషు ‘ప్లమ్’ అంటే నిటారు, నిలువుగుండు. రాతలో దానికి చివర ‘బ’కారం కూడా ఉంది. ధ్వని కలిసింది, అర్థమూ కలిసింది. ఇక ‘ప్రలంబం’నుంచే ‘ప్లంబింగ్’ పుట్టిందని ప్రకటించడానికి అడ్డేముంది?

అడ్డు పదచరిత్రలో ఉంది. ఇంగ్లీషు పదంలోని ‘నిటారు’ అనే అర్థం ఆదిమం కాదు. అది గుండుద్వారా వచ్చిన అర్థం. గుండు సీసంతో చేసినది కావడంవల్ల సీసపు పేరు దానికి అంటింది. వెనక్కి వెళ్లేకొద్దీ ‘వేలాడటం’ మాయమై లోహం ఒక్కటే మిగులుతుంది. సంస్కృతపదంలో ఇందుకు విరుద్ధంగా వేలాడటమే మూలం, లోహప్రసక్తి ఎక్కడా లేదు. నేడు కలుసుకున్న రెండు పదాలు నిన్న కలిసి లేవు. ధ్వనిసామ్యం, అర్థసామ్యం రెండూ ఉన్నా వ్యుత్పత్తి ఒకటి కాకపోవచ్చుననడానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు. తెలుగులోనే దీనికి సమాంతరం ఉంది. లోహమైన సీసం, ఛందస్సులోని సీసం, పారసీనుంచి వచ్చిన గాజు సీసా పక్కపక్కన నిలిచినంత మాత్రాన ఒకే తల్లి బిడ్డలు కాజాలవు.

8. తెలుగులో తిరిగి వినిపించిన ‘బ’కారం

ఇంగ్లీషువారు ఈ పదాన్ని ‘ప్లమర్’, ‘ప్లమింగ్’ అని ఉచ్చరిస్తారు. మధ్యకాలపు రాతలోనూ ‘బ’కారం లేని రూపాలు ఉండేవి. లాటిన్ మూలాన్ని గుర్తుచేయడానికి పండితులు రాతలో దానిని తిరిగి చేర్చారు గాని, ఉచ్చారణ మారలేదు. తెలుగులో మాత్రం ‘ప్లంబర్’, ‘ప్లంబింగ్’ అని ‘బ’కారం స్పష్టంగా పలుకుతుంది. దీనిని తప్పుడు ఉచ్చారణగా కొట్టివేయడం శాస్త్రీయం కాదు.

ఇంగ్లీషులో పలకని ‘బ’కారం గల ఇతర ఆదానపదాలతో పోల్చితే ఒక క్రమం కనిపిస్తుంది. ‘బాంబు’, ‘థంబ్’ అనే రూపాలలో తెలుగువారు ‘బ’కారాన్ని పలుకుతున్నారు. ‘డౌటు’లో పలకడం లేదు. ఇంగ్లీషు రాతలో మూడింటిలోనూ ఆ అక్షరం ఉంది. భేదానికి కారణం తెలుగు ధ్వనివ్యవస్థ. అనునాసికం తరువాత అదే స్థానంలో పుట్టే స్పర్శాక్షరం రావడం తెలుగుకు సహజం. చెంబు, అంబలి, కంబళి, తంబూర అందుకు నిదర్శనాలు. ‘బ్ట్’ వంటి సంయుక్తం అలా సహజం కాదు. కనుక మకారం తరువాతి ‘బ’కారాన్ని రాతనుంచి గ్రహించి పలకడానికి తెలుగుకు అడ్డులేదు. టకారం ముందటి ‘బ’కారానికి చోటు లేదు. ఆదానపదాలు లిపిద్వారా వచ్చినా, స్వీకరించే భాష తన ధ్వనినియమాల జల్లెడలో వాటిని వడపోస్తుందనడానికి ఇది ఆధారం.

ఫలితం విచిత్రమైనది. ప్లంబమ్‌లో రోమనులు పలికిన ‘బ’కారాన్ని ఇంగ్లీషు నాలుక వదిలివేసింది. లాటిన్‌తో ప్రత్యక్షపరిచయం లేని తెలుగు మేస్త్రి నోట అది మళ్లీ వినిపిస్తోంది.

9. ఆకారం పేరు, లోహం పేరు

తెలుగులో గొట్టానికి, నీరు వచ్చే చోటుకు పేర్లు లేక ‘ప్లంబింగ్’ రాలేదు. ‘గొట్టం’, ‘తూము’ ఉన్నాయి. ‘పిల్లనగ్రోవి’లోని ‘క్రోవి’కి గొట్టమనే అర్థం. తమిళంలో వేణువు ‘కుழల్’ అని రాయబడే పదానికి తెలుగు ఉచ్చారణ ‘కుళల్’ కాగా, గొట్టం ‘కుళాయ్’ అవుతుంది. ఈ పదాలు క్రోవితో ఒకే ద్రావిడ కుటుంబానికి చెందినవి. తెలుగు ‘కుళాయి’ని ఆ తమిళపదంతో పోల్చవచ్చు. తమిళంలో గొట్టాన్ని చెప్పే మాట తెలుగులో గొట్టం కొసన ఉన్న నీటిబిరడాకు పరిమితమయింది. తెలంగాణలోని ‘నల్లా’కు ఆధారమైన ‘నల్’ రెల్లునూ గొట్టాన్నీ చెప్పే ‘నల’ శబ్దపు సంతతి. కోస్తాలోని కొన్నిచోట్ల అదే వస్తువు ‘పంపు’.

లాటిన్ ఫిస్టులా, ద్రావిడ క్రోవి, ఉత్తరాది నల్ మూడూ బోలుగా ఉన్న కాడను చూసి పెట్టిన పేర్లే. వేణువు, నీటిగొట్టం ఒకే పదకుటుంబంలో ఉండటం లాటిన్‌కూ ద్రావిడానికీ సమానం. ఫిస్టులా తెలుగులోకి వచ్చింది గాని నీటితో రాలేదు, భగందర వ్యాధికి వైద్యులు వాడే పేరుగా వచ్చింది. నీటితో వచ్చినది సీసపు పనివాడి పేరు. వస్తువులకు తెలుగులో పేర్లున్నాయి కనుక అవి నిలిచాయి. ఆధునిక నగరజీవనంలో కొత్తగా ఏర్పడిన వృత్తికీ వ్యవస్థకూ పేరు కావలసివచ్చింది. ఆ ఖాళీలోకే ‘ప్లంబరు’, ‘ప్లంబింగ్’ ప్రవేశించాయి. పనిముట్ల పేర్లలో ‘ఎల్బో’, ‘టీ’, ‘సాకెట్’ ఇంగ్లీషువి కాగా, స్నానపుగది నేలమీది నీరు పోయే అమరికకు వాడే ‘నహానీ ట్రాప్’లో స్నానాన్ని తెలిపే హిందీ మాట ఉంది. వృత్తిభాష ఎక్కడినుంచి తెచ్చుకున్నా పని జరగడమే ప్రమాణంగా పెట్టుకుంటుంది.

పారిభాషిక పదకల్పనకు ఇక్కడ గ్రహించవలసినది ఒకటుంది. వ్యుత్పత్తిని అనుసరించి ‘సీసపు పని’ అని అనువదిస్తే అది నేటి వస్తువుకు పొసగదు. ‘గొట్టాల పని’ అంటే వృత్తి స్ఫురిస్తుంది గాని వ్యవస్థ స్ఫురించదు. ‘నీటిగొట్టాల అమరిక’లో మురుగుపారుదల విడిపోతుంది. ప్లంబరు, ప్లంబర్లు, ప్లంబింగ్ చేయించు అని తెలుగు ప్రత్యయాలతో, క్రియలతో కలిసిపోయిన పదాన్ని తొలగించడం కంటే, దాని అర్థపరిధిని తెలుగులో స్పష్టంగా నిర్వచించడమే నిఘంటుకర్తల బాధ్యత. నిర్వచనంలో సీసం వ్యుత్పత్తిభాగంలో ఉండాలి, అర్థభాగంలో కాదు.

10. పదం మరచిన సీసం

అర్థభాగంనుంచి సీసాన్ని తొలగించాలన్నంత మాత్రాన వ్యుత్పత్తి నిరుపయోగమని కాదు. ఇక్కడ రెండు అతివాదాలను నివారించాలి. మొదటిది పదాన్ని చూసి చరిత్రను నిర్మించడం. సీసపు గొట్టాలే రోము పతనానికి కారణమన్న వాదం ఇందుకు ఉదాహరణ. సీసవిషం రోము పాలకవర్గాన్ని దెబ్బతీసిందని జెరోమ్ న్రియాగు 1983లో ప్రతిపాదించారు. అందులో సీసపు పాత్రలలో కాచిన ద్రాక్షరసానికి కూడా ప్రాధాన్యం ఉంది. దానిని జాన్ స్కార్‌బరో వంటివారు తీవ్రంగా విమర్శించారు. రోము నగరపు గొట్టాలలోని నీటిలో స్థానిక ఊటనీటికంటే నూరు రెట్ల వరకు సీసం ఉండి ఉంటుందని 2014లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అయినా అది మాత్రమే తీవ్రహాని కలిగించి ఉండదని అదే అధ్యయనం భావించింది. ప్రచారంలో ఈ భేదాలన్నీ పోయి, గొట్టం ఒక్కటే మిగిలింది. అందుకు పదంలోని ‘ప్లంబమ్’ ఆకర్షణ కొంత కారణం.

రెండవ అతివాదం, వస్తువు మారింది కనుక పదంలోని లోహం కేవలం జ్ఞాపకమనుకోవడం. అమెరికాలోని ఫ్లింట్ నగరం 2014 ఏప్రిల్‌లో నీటివనరును మార్చినప్పుడు, గొట్టాలు కొరుకుపోకుండా కాపాడే రసాయనచర్య తీసుకోలేదు. పాత సీసపు గొట్టాలనుంచి లోహం తాగునీటిలోకి దిగింది. ఆ దేశంలో కొత్త సీసపు గొట్టాల వాడకాన్ని 1986లోనే నిషేధించారు. అయినా నేలలో పాతినవి అలాగే ఉన్నాయి.

భారతదేశపు అనుభవం ఇంకా సూక్ష్మమైనది. ప్లాస్టిక్ గొట్టం వచ్చాక సీసం పోయిందనే భావన సహజం. పి.వి.సి. తయారీలో వేడికి పదార్థం చెడకుండా స్థిరీకరించడానికి సీసపు సమ్మేళనాలను వాడేవారు. దానిని క్రమబద్ధం చేస్తూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2021లో పి.వి.సి. గొట్టాలలో సీసపు స్థిరీకరణి గురించి ప్రత్యేకనియమాలు ప్రకటించవలసివచ్చింది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించరాదు. లోహపు గొట్టం పోయినా, తెల్లని ప్లాస్టిక్ గొట్టం గోడలో సీసం మరో రూపంలో కొనసాగింది. పేరు వదిలేసిన లోహాన్ని వస్తువు వదలలేదు.

పదం దీనిని చెప్పదు, చెప్పజాలదు. సీసవ్యాధికి ఇంగ్లీషులో ఉన్న ‘ప్లంబిజం’ అనే పేరు, ‘ప్లంబింగ్’ ఒకే కాండంనుంచి మొలిచిన కొమ్మలని గుర్తించినవాడు ‘ఈ గొట్టంలో ఏముంది?’ అని అడుగుతాడు. సమాధానం మాత్రం పరీక్షశాలలోనే దొరకాలి. వ్యుత్పత్తి ప్రశ్నకు ప్రేరణ కాగలదు, సమాధానానికి ప్రమాణం కాలేదు.

11. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి. ‘ప్లంబింగ్’ అనే పదం లోహం, పనివాడు, పని, వ్యవస్థ అనే నాలుగు దశలలో పరిణమించింది. ప్రతి దశలోనూ ముందటి అర్థం పలచబడటంవల్లనే తరువాతి అర్థం సాధ్యమయింది. లాటిన్‌లో నీటిగొట్టానికి గాని, నీటిపనివాడికి గాని ఈ కుటుంబంలోని పదం పేరు కాదు. ‘ప్రలంబం’తో కనిపించే పోలిక యాదృచ్ఛికం. తెలుగులోని ‘బ’కారోచ్చారణ దోషం కాదు, తెలుగు ధ్వనివ్యవస్థ అనుమతించిన రూపం. అన్యదేశ్యాలకు పర్యాయాలను కల్పించేటప్పుడు మూలభాషలోని ధాత్వర్థాన్ని కాక, వాడుకలోని అర్థపరిధిని ప్రమాణంగా తీసుకోవాలి.

విట్రూవియస్ సీసపు పనివారి పాలిన దేహాన్ని చూసి లోహాన్ని అంచనా వేశాడు. ఫ్రాంటినస్ పేరుమీది వివాదాన్ని గొట్టం కొలిచి తేల్చాడు. ఇద్దరూ పదాన్ని గౌరవించారు, వస్తువును పరీక్షించారు. పదవ్యుత్పత్తిపై పనిచేసే పరిశోధకులకు ఆ క్రమమే అనుసరణీయం.